మార్కుల పట్టిక తర్వాత పని

మా కాలంలో ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం పడితే పరీక్షల కథ ముగిసినట్టే. లెక్కల్లో 38 వచ్చాయని ఇంటిల్లిపాదికీ తెలిసేది. నేను తప్పుతున్నది భిన్నాల దగ్గరని కార్డు చెప్పేది కాదు. అది కనిపెట్టింది మన లెక్కల సారు. దిద్దిన పేపర్లు పక్కన పెట్టుకుని, ఎక్కువమంది తప్పిన లెక్కను మర్నాడు మళ్లీ మొదటి నుంచి చెప్పేవారు.

ఇంజనీరునయ్యాక దానికి పేరుందని తెలిసింది: నాణ్యతా నిర్వహణ. తనిఖీతోనే నాణ్యత రాదు. తప్పు పుట్టే చోట పద్ధతి మార్చి, మళ్లీ కొలవాలి. 1950లో ఎడ్వర్డ్స్ డెమింగ్ జపాన్ ఇంజనీర్లకు బోధించిన దాని సారాంశం ఇదే.

ఇలాంటి ఆలోచన బళ్లలో ఎంతవరకు పనిచేస్తుందో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పరీక్షించి చూశారు. 2005లో రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టాయి. దాన్ని నడిపిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. 100 బళ్లలో పిల్లలకు తెలుగు, లెక్కల పరీక్షలు పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రాసి టీచర్లకిచ్చారు. తరగతులను కూడా పరిశీలించారు. చూస్తున్నంతసేపు టీచర్లు ఎక్కువ కష్టపడ్డారు. ఏడాది చివర మాత్రం ఆ పిల్లలకూ, ఏ నివేదికా అందని బళ్ల పిల్లలకూ తేడా కనిపించలేదు.

మరికొన్ని బళ్లకు ఇవే నివేదికలతో పాటు, పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇస్తామన్నారు. అది సగటున ఏడాది జీతంలో 3 శాతమే. రెండేళ్లకు అక్కడి పిల్లలు స్పష్టంగా ముందుకొచ్చారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా.

దీన్నిబట్టి డబ్బొక్కటే మందు అనను. పనికి రేటింగ్ కట్టి జీతం పెంచడాన్ని డెమింగే వ్యతిరేకించాడు. మన సారుకు బోనస్ ఎవరూ ఇవ్వలేదు. నాకు అర్థమైంది ఒక్కటే: అంకెను చూసి మర్నాడు పాఠం మార్చే మనిషి, అందుకు కారణం, తీరిక ఉండాలి. అవి లేకపోతే నివేదిక బీరువాలోకే చేరుతుంది.

స్వర్ణోత్సవ సందర్భంగా బడికి కంప్యూటర్లు ఇద్దామన్న మాట మనలో వినిపిస్తోంది. ఇద్దాం. దాంతోపాటు, వెనకబడిన పిల్లలకు సాయంత్రం ఒక గంట మళ్లీ చెప్పే ఏర్పాటుకూ మన నిధిలో వాటా పెడదాం. మార్కులు ఎక్కించడం కంప్యూటర్ చేస్తుంది. భిన్నాలు మళ్లీ చెప్పడానికి సారే కావాలి.