ఉగ్గుగిన్నె – ముర్రుపాలు

ఏ విద్యయైనను పసితనముననే అబ్బినదని చెప్పవలసి వచ్చినపుడు "ఉగ్గుపాలతో వచ్చినది" అందుము. కొరాపుట్, రాయగడ సీమలలో స్థిరపడిన మన కుటుంబములకు తెలుగు భాష అట్లు వచ్చినదే. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడు వరకు జయపురము సంస్థానపు ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో నుండెను. 1992లో రాయగడ వేరు జిల్లాయైనది. ఎల్లలు మారినను ఇంటి ఆచారములు నిలిచినవి. వానిలో ఉగ్గుగిన్నె యొకటి. దాని చరిత్రను ఇచట కొంత ముచ్చటింపదలచితిమి.

ఉగ్గనగా చనుబాలలో ఆముదము రంగరించి శిశువునకు పోయుట. దానితోపాటు, పసుపువన్నెగల తొలి ముర్రుపాలు శిశువునకు అరుగవని పిండి పారబోయుటయు పెక్కిండ్ల వాడుక. ఈ విషయమున ప్రాచీనులలోనే భేదము కలదు. జాతకర్మ ముగిసిన వెంటనే కుడి చన్నిమ్మని చరకసంహిత విధించెను. మూడు నాలుగు రాత్రులకుగాని పాలు పడవని, అందాక తేనెయు నెయ్యియు నాకింపుమని సుశ్రుతసంహిత చెప్పెను. మన పెద్దల వాడుక రెండవ మార్గమునకే దగ్గర.

ఆధునిక శాస్త్రము మొదటి మార్గమును బలపరచినది. తల్లిపాలలోని రోగనిరోధక పదార్థము రక్తములోని దానికంటె ప్రత్యేకమైనదని స్వీడను శాస్త్రజ్ఞుడు లార్స్ హాన్సన్ 1961లో నిరూపించెను. అది ముర్రుపాలలో మిక్కుటముగా నుండి, గొంతునందును ప్రేగులందును పొరవలె నిలిచి క్రిములను అడ్డగించును. బ్రెజిలు దేశమున జరిగి 1987లో ప్రకటితమైన పరిశోధనలో, తల్లిపాలు బొత్తిగా లేని శిశువులకు శ్వాసకోశ వ్యాధులచే మరణించు ప్రమాదము తల్లిపాలే త్రాగువారికంటె 3.6 రెట్లుగా తేలినది. ఇక ఆముదమందురా, బలవంతముగా పోసినపుడది ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా కలిగించుట వైద్యులెరిగినదే.

చలియు వంటపొగయు గల ఈ కొండసీమలో ఇది చిన్న మాట కాదు. పుట్టిన గంటలోపల ముర్రుపాలు, ఆరు మాసములు తల్లిపాలు మాత్రమే ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ బోధించుచున్నది. జబ్బు చేసినపుడును పాలు మాన్పరాదు. డొక్కలెగురవేసినను, రెండు మాసముల లోపు బిడ్డ నిమిషమునకు 60 సార్లు, ఏడాది లోపు బిడ్డ 50 సార్లు, ఆపై ఐదేండ్ల లోపు బిడ్డ 40 సార్లు లేక అంతకు మించి ఊపిరి తీసినను జాగు చేయరాదు. 1954లో డెన్మార్కు వైద్యురాలు ఎలిజబెత్ మాడ్సెన్ స్థాపించిన బిస్సంకటకు క్రైస్తవ వైద్యశాల, 2017లో ప్రారంభమైన కొరాపుట్ వైద్య కళాశాల మనకు చేరువనే యున్నవి.

పురిటియింట పెద్దల మాటయే చెల్లుబాటు. కావున ఈ విన్నపము ముఖ్యముగా అమ్మమ్మలకు, నాయనమ్మలకు. మీరు పాడు జోలతో భాష నిలుచును. మీరు పారబోయనీయని ముర్రుపాలతో బిడ్డ నిలుచును. ఉగ్గుపాల నానుడిని నాలుకపై నుంచుకొని, ఉగ్గుగిన్నెను మాత్రము అటకపై నుంచుదము.