పెద్దవాళ్ళ పరిచయాలను లెక్కపెట్టిన కథ

ఐర్లండు దక్షిణాన కార్క్ రేవు ఒడ్డున రింగాస్కిడీ అనే చిన్న ఊరుంది. 1969లో ఫైజర్ కంపెనీ అక్కడికి వచ్చింది. తరువాత మరికొన్ని మందుల కర్మాగారాలూ వచ్చాయి. అలాంటి చోట ఉద్యోగానికి వెళ్ళిన మనవాళ్ళింటికి ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే, సందర్శకుల వీసా మీద ఒక్క రాకకు గరిష్ఠంగా 90 రోజులు ఉండవచ్చు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు, మనవలు బడికి వెళ్ళిపోయాక ఆ పెద్దాయన పగలంతా ఎవరితో మాట్లాడతారు? వినడానికిది ఇంటి సంగతే. దీన్ని కొలవాలని పరిశోధకులు ఎన్నో దశాబ్దాలుగా తంటాలు పడుతున్నారు.

ఐర్లండుకు ఇది కొత్త విషయం కాదు. 1930లలో కోన్రాడ్ ఆరెన్స్‌బర్గ్ అనే అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు క్లేర్ జిల్లా పల్లెల్లో కాపురముండి, అక్కడి జీవితాన్ని రాసిపెట్టాడు. పొలం కొడుక్కి అప్పగించాక వృద్ధ దంపతులు ఇంట్లో పడమటి గదిలోకి మారేవారట. సాయంత్రం కాగానే ఊరి ముసలివాళ్ళంతా ఒకరింట్లో చేరి లోకాభిరామాయణం మాట్లాడుకునేవారు. మన రచ్చబండే! కాకపోతే అక్కడ చలి కాబట్టి చెట్టు కింద కాక పొయ్యి దగ్గర.

లెక్కలు తరువాత మొదలయ్యాయి. 1957లో పీటర్ టౌన్‌సెండ్ లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌లో 203 మంది వృద్ధులను కలిసి రాసిన పుస్తకంలో ఒక ముఖ్యమైన తేడా చూపించాడు. చుట్టూ మనుషులు లేకపోవడం ఒకటి, ఒంటరినన్న బాధ మరొకటి. మొదటిది లెక్కకు అందుతుంది, రెండోది ఆ మనిషే చెప్పాలి. 1979లో లీసా బర్క్‌మన్, లెనర్డ్ సైమ్‌లు కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీలో 1965 నుంచి తొమ్మిదేళ్ళపాటు సాగిన పరిశీలన ఫలితాలు ప్రకటించారు. పరిచయాలు బాగా తక్కువగా ఉన్నవారిలో మరణాలు, ఎక్కువగా ఉన్నవారితో పోలిస్తే, మగవారిలో 2.3 రెట్లు, ఆడవారిలో 2.8 రెట్లు. దాంతో డాక్టర్లూ ఈ విషయం పట్టించుకోసాగారు.

మనకు బాగా పనికొచ్చేది మాత్రం జేమ్స్ లబెన్ కొలమానం. 1988లో వచ్చింది, 2006లో ఆరు ప్రశ్నలకు కుదించారు. మూడు బంధువుల గురించి, మూడు స్నేహితుల గురించి. నెలకొకసారైనా ఎందరిని కలుస్తారు, లేదా ఎందరితో మాట్లాడతారు? మనసులోని మాట ఎందరితో చెప్పుకోగలరు? సాయం కావాలంటే ఎందరిని పిలవగలరు? ఒక్కో జవాబుకు సున్నా నుంచి 5. మొత్తం 30కి 12 కన్నా తగ్గితే ప్రమాదమున్నట్టు.

ఇప్పుడు మన పెద్దాయనను కూర్చోబెట్టి లెక్క వేయండి. వాట్సప్ పుణ్యమా అని అన్నదమ్ములు, మేనల్లుళ్ళు, వియ్యంకులు అందరూ పలుకుతారు. బంధువుల వైపు 15కి 14 వచ్చాయనుకుందాం. స్నేహితుల వైపు, ఆ ఊళ్ళో, సున్నా. మొత్తం 14, అంటే గట్టున పడ్డట్టే! కానీ లబెన్ బృందం ఒక్కో సగాన్నీ విడిగా చూడమంది. సగంలో 6 కన్నా తగ్గినా లోటే. మొత్తం అంకె దాచినదాన్ని ఆ సగం బయటపెడుతుంది.

ఐర్లండులో 2009లో మొదలైన టిల్డా అధ్యయనం యాభై దాటిన సుమారు 8,500 మందిని ఇలాగే అడుగుతూ వస్తోంది. మన దేశంలో 2017-18లో లాసీ సర్వే 45 దాటిన 72,000 మందికి పైగా పలకరించింది. మూడు నెలలకు వచ్చి వెళ్ళే మనవాళ్ళు టిల్డా లెక్కలోకి రారు, అది అక్కడ స్థిరంగా ఉండేవారిది. ఇంటి దగ్గరున్నప్పుడు లాసీ వాళ్ళు అడిగి ఉంటే, పొద్దున్నే టీకొట్టు దగ్గర కలిసేవాళ్ళందరినీ ఆయన ఏకరువు పెట్టేవారు.

ఈ సమావేశాలకు అమ్మానాన్నలను వెంటబెట్టుకొచ్చినవారు, భోజనాల దగ్గర ఆ స్నేహితుల ప్రశ్నలు మూడూ అడిగి చూడవచ్చు. పక్క బల్ల దగ్గర ఏ జిల్లా పెద్దమనిషి కూర్చున్నారో కూడా.