సుబ్బారావు నీలిరంగు

యల్లాప్రగడ సుబ్బారావు పేరెత్తగానే మనం అనే మాట ఒకటే: "నోబెల్ రావాల్సిన మనిషండీ, రాలేదు". అక్కడితో ఆపేస్తాం. ఆయన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఓ మందు కాదు, ఓ కొలత. అదేంటో చెప్పాలంటే ఎముకతో మొదలెట్టాలి.

మాది రొళ్ల. మా పాత అనంతపురం జిల్లాలో బోరునీళ్ళ ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఎముకలోని ఖనిజం ఓ రకం కాల్షియం ఫాస్ఫేట్. నీళ్ళతో వచ్చిన ఫ్లోరైడ్‌ని అది తనలో కలిపేసుకుంటుంది. అంటే ఎముక ఉత్త రాయి కాదు, దేన్నో ఒకదాన్ని పట్టుకుంటూనే ఉంటుంది. కొన్ని మందులూ ఈ ఖనిజానికి అంటుకుంటాయి. అందుకే ఎముకకి చీముపట్టినా, కేన్సరొచ్చినా మందుని కాల్షియం ఫాస్ఫేట్‌లో నింపి సరిగ్గా అక్కడే పెడితే ఎలా ఉంటుందని శాస్త్రవేత్తలు ఆలోచించారు.

ఒక చిక్కుంది. ఉత్త ఫాస్ఫేట్ పెళుసు. అందుకని పాలిమర్ కలుపుతారు. లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలతో చేసిన పాలిమర్ ఒంట్లో మెల్లగా కరుగుతూ మందుని వదులుతుంది. కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాన్ని ఫాస్ఫేట్ చల్లారుస్తుంది. ఒకరి లోటు ఇంకొకరు పూడ్చుకుంటారన్నమాట. అసలు మన ఎముకే కొల్లాజెన్, ఫాస్ఫేట్‌ల మిశ్రమం కదా!

ఇలా నింపి పరీక్షించిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. అది సుబ్బారావు పరిశోధనలు నడిపించిన లెడర్లీ నుంచి వచ్చిందే. దాని అన్నలాంటి ఎమినోప్టెరిన్‌తో పిల్లల ల్యుకేమియా తాత్కాలికంగానైనా తగ్గిందని సిడ్నీ ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావు పోయారు. అప్పటికి ఆయనకి 53 ఏళ్ళే.

ఇక కొలత సంగతి. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి ప్రచురించారు. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, ఇంకో రసాయనం వేస్తే నీలిరంగొస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. కండరాల రసంతో చేసినప్పుడు మాత్రం రంగు ఆలస్యంగా వచ్చింది. పద్ధతిలో లోపమని కొట్టిపారేయకుండా వెంటపడితే ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది (1927). తర్వాత 1929లో ఏటీపీ. లాగ్‌లో కనబడ్డ చిన్న తేడాని వదలని డీబగ్గింగ్ ఇది!

ఫాస్ఫేట్ మిశ్రమం ఒంట్లో ఎంత వేగంగా కరుగుతుందో ముందే తెలియాలంటే, ద్రవంలోకి ఎంత ఫాస్ఫేట్ వచ్చిందో కొలవాలి. పద్ధతులు మారాయి, యంత్రాలొచ్చాయి. కానీ మాలిబ్డేట్ నీలిరంగు మీద నడిచే పరీక్షలు ఇప్పటికీ ఉన్నాయి.

మందు కనిపెట్టినవాడిని లోకం ఎలాగోలా గుర్తుపెట్టుకుంటుంది. కొలబద్ద చేసిచ్చినవాడు ఆ కొలబద్దలోనే కలిసిపోతాడు. మన ప్రాజెక్టుల్లో టెస్టింగ్ టూల్స్ రాసేవాళ్ళని ఓసారి తలుచుకోండి. ఎవరికి పేరొచ్చిందో మీకే తెలుసు. సుబ్బారావుకి రాని బహుమతి గురించి బాధపడటం తప్పుకాదు. కానీ ఆయన మనకిచ్చి వెళ్ళినదేంటో తెలుసుకుని బాధపడితే ఇంకా బావుంటుందని నా అభిప్రాయం. మీరేమంటారు?