సోయకూర మడి, గ్రైప్ వాటర్ సీసా

చలికాలం మొదలవగానే పెరట్లో సోయ గింజలు చల్లుతాను. దీని వేరు నిటారుగా లోతుకు దిగుతుంది. పీకి మరోచోట నాటితే సరిగా నిలదొక్కుకోదు. అందుకే పెరగాల్సిన చోటే విత్తాలి. నెలన్నరకు ఈకల్లాంటి ఆకు కోతకొస్తుంది. పెసరపప్పులో వేస్తాను. ఎండ ముదిరితే పసుపు పూల గొడుగులు విచ్చుకుని గింజ కడతాయి. ఆ గింజను నలిపి వాసన చూస్తే చాలామంది తల్లులకు గుర్తొచ్చేది పప్పు కాదు, గ్రైప్ వాటర్. పెరటి మొక్క సీసాలోకి ఎలా వెళ్ళింది? ఆ దారిలో ఎవరి పేర్లు మిగిలాయి?

సంస్కృతంలో దీన్ని శతపుష్ప అన్నారు. పసిపిల్లల వైద్యానికి పేరుపొందిన కాశ్యప సంహితలో శతపుష్ప, శతావరుల మీద ఒక అధ్యాయమే ఉంది. బహిష్టు బాధలకూ, పిల్లలు పుట్టని స్త్రీలకూ ఇది మందని చెబుతుంది. ఆ శాస్త్రం స్త్రీ శరీరాన్ని పట్టించుకుంది, నిజమే. కానీ ఎక్కువగా బిడ్డను కనే శరీరంగానే చూసింది. పాలు పడతాయని బాలింతలకు సోయకూర వండిపెట్టిన అమ్మమ్మలు ఏ అధ్యాయమూ రాయలేదు.

1781 నుంచి సామర్లకోటలో పనిచేసి, 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళిన విలియం రాక్స్‌బర్గ్ ఈ మొక్కకు ‘అనీథమ్ సోవా’ అని పేరు పెట్టాడు. ‘సోవా’ జనం నోటి మాట. శాస్త్రంలో దాని పక్కన నిలిచింది మాత్రం రాక్స్‌బర్గ్ పేరే.

ఇంగ్లండులోనూ ఇదే కథ. సోయ గింజ కడుపులో వాయువును పోగొట్టే మందుల్లో వాడతారని 1652లోనే కల్పెపర్ రాశాడు. 1851లో నాటింగ్‌హామ్ మందుల వ్యాపారి విలియం ఉడ్‌వర్డ్ సోయ నూనె, వంటసోడా, చక్కెర, ఆల్కహాల్ కలిపి గ్రైప్ వాటర్ తయారుచేశాడు. 1876లో ఆ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించాడు. పసిపిల్లల మందులో ఆల్కహాల్ బ్రిటన్‌లో 1990ల దాకా కొనసాగింది.

మన టీవీల్లో వచ్చిన దాని ప్రకటన గుర్తుందా? బిడ్డ ఏడుస్తుంది. తల్లిని ఆమె తల్లి, ఆమెను ఆమె తల్లి, తరం వెనుక తరం వచ్చి అదే సీసా పట్టమంటారు. స్త్రీలు నోటిమాటగా అందించుకున్న నమ్మకాన్నే సరుకుగా మార్చి, తిరిగి స్త్రీలకే అమ్మారు.

అలాగని అమ్మమ్మల మాటంతా సత్యమని నేననను. సోయకూర పాలు పెంచుతుందనడానికి గట్టి రుజువు లేదు. గ్రైప్ వాటర్ పసిబిడ్డ కడుపునొప్పి తగ్గిస్తుందనడానికీ లేదు. ఆరు నెలల దాకా తల్లిపాలే చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన జ్ఞానాన్ని గౌరవించడమంటే దాన్ని పూజించడం కాదు, పరీక్షించే హక్కు కూడా మనదే అనుకోవడం. అయితే ఒకటి గమనించాలి. బాలింతకు వేడిగా వండిపెట్టిన ఆ కూరలో ఒక స్త్రీ శ్రమ ఉంది, మరో స్త్రీకి దొరికిన విశ్రాంతి ఉంది. సీసా ఆ రెంటినీ ఇవ్వలేదు. రాత్రి ఏడ్చే బిడ్డ దగ్గర తల్లిని ఒంటరిగా వదిలి, చేతికొక మూత మందిచ్చింది.

ఈసారి గింజలు ఎండబెట్టి పొట్లాలు కట్టాను. ఒక్కో పొట్లం మీద ఆ విత్తనం మొదట నాకిచ్చిన ఆమె పేరు రాశాను.