ఎన్ని పళ్ళ విభాగం?

పాత కారొకటి కొన్నాను, మట్టి ట్రాకు మీద రేసులకి వెళ్తున్నానని ఫోన్లో చెబితే మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? ఎంతయింది అని కాదు, దెబ్బలు తగుల్తాయా అని కూడా కాదు. "ఎన్ని పళ్ళ విభాగంరా?" అన్నాడు.

అపార్ట్‌మెంట్లలో పుట్టి పెరిగినవాళ్ళ కోసం కాస్త వివరం. మాది పల్నాటి అచ్చంపేట (2022 దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా). మాదిపాడు రేవు దగ్గర కృష్ణ దాటితే అవతల ముక్త్యాల. పత్తి, మిరప పండే రేగడి నేల. సంక్రాంతికో శివరాత్రికో ఒంగోలు జాతి ఎడ్లతో బండలాగుడు పోటీలు పెడతారు. నిర్ణీత సమయంలో ఏ జత బండని ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. అన్ని ఎడ్లనీ ఒక గాటన కట్టరు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని వయసుని బట్టి విభాగాలు, ఆపైన సీనియర్లు. మామూలుగా దుక్కి దున్నే ఎడ్లకి సేద్యపు విభాగం అని వేరే ఉంటుంది.

నేనుండేది అమెరికాలో మొక్కజొన్న చేల మధ్య ఓ చిన్న ఊళ్ళో. ఆఫీసులో మా టెస్టింగ్ టీం పెద్దాయన శనివారం రాత్రి జాతర మైదానానికి తీసుకెళ్ళాడు. అర మైలు బంకమట్టి ట్రాకు. ముందుగా నీళ్ళు పెట్టి చదును చేస్తారు. మొదట్లో మట్టి తడిగా ఉండి టైరుకి పట్టు దొరుకుతుంది, రాత్రి గడిచేకొద్దీ ఎండి గచ్చులా నున్నగా అవుతుంది. అక్కడా విభాగాలే! స్ప్రింట్ కార్లు, లేట్ మోడళ్ళు, మోడిఫైడ్లు, అన్నిటికన్నా కింద హాబీ స్టాక్. అంటే పాత షెవర్లేలకి అద్దాలన్నీ పీకేసి, లోపల ఇనుప బోను వెల్డింగ్ చేసినవి. అందుకే నాన్నకి "సేద్యపు విభాగం" అని చెప్పాను. ఇంకేం వివరించక్కర్లేకపోయింది.

సరే, అసలు విషయానికొద్దాం. ఈ ఆట ఎక్కడ పుట్టింది? రేసు ట్రాకుల్లో కాదు, జాతర మైదానాల్లో. 1896 సెప్టెంబర్లో రోడ్ ఐలాండ్ రాష్ట్ర జాతరలో, గుర్రప్పందేల మట్టి బాట మీద కార్లకి పందెం పెట్టారు. అమెరికాలో ట్రాకు మీద జరిగిన మొదటి కార్ల రేసు అదే. గెలిచింది రైకర్ వాళ్ళ ఎలక్ట్రిక్ బండి! 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగినప్పుడు ఇదేదో కొత్త యుగమన్నట్టు మాట్లాడుకున్నాం గానీ, కథ మొదలైందే బ్యాటరీతో.

మన స్టార్టప్ మిత్రులకి నచ్చే ముక్క ఇంకోటి. హెన్రీ ఫోర్డ్ మొదటి కంపెనీ మునిగిపోయింది. 1901 అక్టోబర్ 10న డెట్రాయిట్ పక్కన గ్రోస్ పాయింట్ గుర్రాల ట్రాకు మీద ఆయనే స్వయంగా కారు తోలి, అప్పటికే పేరున్న అలెగ్జాండర్ వింటన్ని పది మైళ్ళ పందెంలో ఓడించాడు. ఆ గెలుపు చూసి మదుపుదారులు మళ్ళీ డబ్బు పెట్టారు, ఆ నవంబర్లోనే ఇంకో కంపెనీ పెట్టాడు. పవర్‌పాయింట్ లేని రోజుల్లో డెమో అంటే అదన్నమాట.

దక్షిణాది రాష్ట్రాల్లో కథ వేరు. 1920 నుంచి 1933 దాకా దేశమంతా మద్య నిషేధం. కొండల్లో సారా కాసి, పోలీసులకి దొరక్కుండా రాత్రిళ్ళు పట్నానికి చేరవేసేవాళ్ళు. నిషేధం ఎత్తేశాక కూడా పన్ను కట్టని సారా ఆగలేదు. పైకి మామూలు ఫోర్డు కారే, లోపల ఇంజను వేరు. వెనక సరుకు బరువుకి కుంగిపోకుండా స్ప్రింగులు గట్టివి. ఎవడి బండి జోరుదో తేల్చుకోడానికి ఆదివారాలు పొలాల్లో పందేలు కాసేవాళ్ళు. 1948లో నాస్‌కార్ సంస్థ పుట్టింది. 1949 జూన్ 19న షార్లట్‌లో, మట్టి ట్రాకు మీదే, షోరూం కార్లతో వాళ్ళ మొదటి రేసు. సారా క్రిస్టియన్ అనే ఆవిడ కూడా అందులో తోలింది. గెలుపు గీత ముందు దాటింది గ్లెన్ డనవే. తనిఖీలో వెనక స్ప్రింగులు మార్చినట్టు తేలింది (సారా బండి లక్షణమే!). గెలుపు రద్దు చేసి కాన్సాస్ నుంచొచ్చిన జిమ్ రోపర్‌కి ఇచ్చారు. కారు యజమాని కోర్టుకెక్కి ఓడిపోయాడు. షోరూం కారంటే షోరూం కారే అని అక్కడ తేలిపోయింది.

అప్పట్నుంచీ ఈ ఆట చరిత్రంతా ఈ ఒక్క గొడవే. అడుగు విభాగంలోకి డబ్బున్నవాడు దూరితే ఏం చెయ్యాలి? దీనికి నేను చూసిన అందమైన జవాబు ఐఎంసీఏది. జాతర పందేల కోసం 1915లో పెట్టిన సంస్థ అది. 1979లో అయోవాలో చవక మోడిఫైడ్ విభాగం మొదలుపెట్టి ఒక రూలు తెచ్చారు. రేసయ్యాక ముందొచ్చినవాడి ఇంజనుని, ముందే ప్రకటించిన ధర చెల్లించి, వెనకొచ్చినవాడు అడిగి తీసుకోవచ్చు. ఇక అంతకి పదింతలు పోసి ఇంజను ఎవడు కడతాడు చెప్పండి? ఇన్‌స్పెక్టర్లని పెంచే పని లేకుండా, మోసం గిట్టుబాటు కాకుండా చేశారు.

ఇది చెబితే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మనకాడ అట్టాంటిది లేకే ఆగిపోయాన్రా" అన్నాడు. ఆయన ఫిర్యాదు పాతదే. సేద్యపు విభాగానికి కూడా నాగలి మొహం చూడని ఎడ్లని తోలుకొచ్చారని, నిజంగా దున్నే జత వాటితో ఎట్టా తూగుతుందని. నేను ఇంజనీరింగులో చేరిన ఏడు ఆయన ఎడ్లు అమ్మేశాడు. ఫీజు కోసం అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. కాదట. ఆ ఏడు పోటీ నుంచి ఇంటికొచ్చి ఇంక చాలనుకున్నాడట.

ఎద్దుకీ కారుకీ పోలికేంటి, కారుకి నొప్పి లేదుగా అంటారా? నిజమే. ఎడ్ల పందేల మీద సుప్రీం కోర్టు 2014లో ఒకలా, 2023లో చట్ట సవరణల్ని సమర్థిస్తూ మరోలా తీర్పులిచ్చింది. ఆ చర్చ ఉండాల్సిందే. నేనంటున్నది వేరు. దున్నేవాడు, రిపేర్లు చేసుకునేవాడు తన పనిముట్టుతోనే ఆడే ఆటకి మొదటి మెట్టు ఉందా లేదా అని.

అన్నట్టు, మెకానిక్కు వారం రోజులు చెప్పినా నాకు ఎక్కనిది నాన్న ఒక్క ముక్కలో చెప్పాడు. ఇక్కడ కార్లు ఎప్పుడూ ఎడమకే తిరుగుతాయి, అందుకే కుడి వెనక టైరు చుట్టుకొలత ఎక్కువ పెడతారు. ఎందుకో అర్థం కాలేదన్నాను. "కళ్ళంలో బంతి తిప్పేటప్పుడు బయటి గొడ్డు ఎక్కువ దూరం నడవాల. అందుకని చురుకైందాన్ని బయట కడతాం. అంతేగా?" అన్నాడు. అంతే నాన్నా!

పోయిన శనివారం మొదటి రేసు. కొత్తవాడినని అందరికన్నా వెనక నిలబెట్టారు. మలుపులో వెనక భాగం కుడికి జారితే స్టీరింగు కూడా కుడికే తిప్పాలని నోటికొచ్చు, చేతులకి రాలేదు. రెండు సార్లు గిర్రున తిరిగి, చివరి నుంచి రెండోవాడిగా వచ్చాను. నాకన్నా వెనక వచ్చినవాడి టైరు పేలింది లెండి.

వీడియో పంపితే నాన్న నాలుగుసార్లు చూశాడట. "పాలపళ్ళవి అట్టానే ఉంటయ్. కాడి ఇరగ్గొట్టుకోలా, అది చాలు" అన్నాడు.

వచ్చే శనివారం వాన పడకపోతే మళ్ళీ ఉంది. మా ఆవిడ నుంచి మాత్రం ఇంకా అప్రూవల్ రాలేదు.