ఆహారంలోని సోడియం, పొటాషియం – రక్తపోటు

పెద్దల రక్తపోటుపై ప్రభావం చూపే ఆహార కారణాలలో సోడియం, పొటాషియం అనే రెండు ఖనిజాలు ప్రధానమైనవి. మొదటిది మితిమీరితే రక్తపోటు పెరుగుతుంది, రెండవది తగినంత అందితే తగ్గుతుంది. సోడియం ఎంత హాని చేస్తుందన్నది పొటాషియం ఎంత అందుతున్నదన్న దానిపై కూడా ఆధారపడి ఉంటుంది కనుక, ఉప్పు ఒక్కదాన్నే లెక్కగట్టే అలవాటు సగం లెక్కతో సరిపెట్టుకోవడమే. ఉప్పు బరువులో దాదాపు 40 శాతం సోడియం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో పెద్దలకు రోజుకు 2 గ్రాముల సోడియం, అంటే సుమారు ఒక చెంచాకు సరిపడే 5 గ్రాముల ఉప్పు మించరాదనీ, పొటాషియం కనీసం 3,510 మిల్లీగ్రాములు అందాలనీ సూచించింది.

శరీరంలోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపల ఉంటే, సోడియంలో అధికభాగం కణాల వెలుపలి ద్రవంలో ఉంటుంది. కణాల పొరలలోని ఒక ప్రోటీను మూడు సోడియం అయానులను బయటికి తోడి, రెండు పొటాషియం అయానులను లోపలికి చేరవేస్తూ ఈ తేడాను నిలబెడుతుంది. తిన్న ఉప్పు ఎక్కువైనప్పుడు దాహం పుట్టి, నీరు నిలిచి, రక్తం పరిమాణం పెరుగుతుంది. ఆ అదనపు ఉప్పును మూత్రంలో వదిలించుకోవడానికి మూత్రపిండాలకు ఎంత పీడనం అవసరమో అంత దగ్గర రక్తపోటు స్థిరపడుతుందని అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఆర్థర్ గైటన్ ప్రతిపాదించాడు. పొటాషియం పాత్ర కూడా మూత్రపిండంలోనే మొదలవుతుంది. రక్తంలో అది తగ్గగానే, మూత్రనాళికల చివరి భాగాలలో సోడియంను, క్లోరైడును కలిపి వెనక్కి పీల్చుకునే రవాణా ప్రోటీను చురుకెక్కుతుంది. పొటాషియంను కాపాడుకోబోయి శరీరం సోడియంను పోగేసుకుంటుంది. పొటాషియం పుష్కలంగా ఉన్నప్పుడు ఇదే ప్రోటీను మందగించి సోడియం మూత్రంలో పోతుంది, రక్తనాళాల గోడల కండరం కూడా కొంత సడలుతుంది.

1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం 32 దేశాలలోని 52 కేంద్రాలలో పది వేలకు పైగా స్త్రీపురుషుల 24 గంటల మూత్రాన్ని పరీక్షించింది. ఉప్పు దాదాపుగా ఎరుగని బ్రెజిల్ యానొమామి తెగలో సగటు రక్తపోటు సుమారు 95/61 మాత్రమే ఉండడం, అది వయసుతో పాటు పెరగకపోవడం అందులో అందరి దృష్టినీ ఆకర్షించాయి. అయితే రెండు ఖనిజాల సంబంధాన్ని స్పష్టంగా చూపింది 2001 నాటి డాష్–సోడియం ప్రయోగం. మామూలు అమెరికన్ భోజనం చేసేవారిలో సోడియంను ఎక్కువ స్థాయి నుంచి తక్కువకు దించితే పై అంకె, అంటే సిస్టోలిక్ పీడనం, సగటున 6.7 మిల్లీమీటర్లు తగ్గింది. పండ్లు, కూరగాయలు, వెన్న తీసిన పాలతో కూడిన, పొటాషియం అధికంగా గల డాష్ భోజనంలో అదే తగ్గింపు 3 మిల్లీమీటర్లే, ఎందుకంటే ఆ భోజనమే అప్పటికే రక్తపోటును కొంత దించింది. ఉప్పుకు స్పందించే తీరు మనిషికీ మనిషికీ మారుతుంది. వృద్ధులలో, మధుమేహం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారిలో ఆ స్పందన ఎక్కువ. సోడియం మరీ తగ్గినా ప్రమాదమేనని 2014లో ప్యూర్ అధ్యయనం వాదించింది గాని, అది ఉదయపు ఒక్క మూత్ర నమూనా నుంచి రోజంతటి సోడియంను అంచనా కట్టినందువల్ల ఆ నిర్ణయంపై వివాదం తెగలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో మూత్ర పరీక్షల ఆధారంగా జరిగిన ఒక సర్వేలో పెద్దల సగటు ఉప్పు వాడకం రోజుకు సుమారు తొమ్మిదిన్నర గ్రాములని తేలింది. అమెరికాలో సోడియంలో అధికభాగం ఫ్యాక్టరీ ఆహారం నుంచి వస్తే, తెలుగు ఇళ్ళలో అది ఎక్కువగా పొయ్యి దగ్గరే చేరుతుంది. ఆవకాయ, చల్లమిరపకాయలు, అప్పడాలు, పెరుగన్నంలో వేసుకునే చిటికెడు ఉప్పు దానికి తోడవుతాయి. పాలిష్ పట్టిన బియ్యంలో పొటాషియం చాలా తక్కువ కనుక, అన్నం కొండంత, కూర గోరంత ఉన్న విస్తరిలో రెండు వైపులా నష్టమే. కందిపప్పు, పెసలు, తోటకూర, చిలగడదుంప, అరటిపండు, కొబ్బరినీళ్ళు పొటాషియంకు మంచి ఆధారాలు, కాని కూరగాయలను ఉడికించి వార్చేస్తే అందులో కొంత ఆ నీళ్ళతోనే పోతుంది. ఆరోగ్యకరమన్న పేరుతో అమ్ముడయ్యే సైంధవ లవణం కూడా దాదాపు అంతా సోడియం క్లోరైడే.

ఉప్పులో కొంత భాగాన్ని పొటాషియం క్లోరైడుతో మార్చే పద్ధతి రెండు లోపాలనూ ఒకేసారి సరిదిద్దుతుంది. చైనాలోని 600 గ్రామాలలో దాదాపు 21 వేల మందిపై జరిగి 2021లో వెలువడిన ప్రయోగంలో, నాలుగో వంతు పొటాషియం క్లోరైడు గల ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. తెలంగాణలోని సిద్దిపేట ప్రాంతంలో ఏడు గ్రామాలకు చెందిన 502 మంది రక్తపోటు రోగులకు మూడు నెలలపాటు 30 శాతం పొటాషియం క్లోరైడు గల ఉప్పు, లేదా మామూలు ఉప్పు, ఏది ఎవరిదో తెలియకుండా ఇచ్చి చూడగా, మొదటి వర్గంలో సిస్టోలిక్ పీడనం 4.6 మిల్లీమీటర్లు అదనంగా తగ్గింది. అయితే మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలోను, స్పైరనోలాక్టోన్ వంటి కొన్ని మందులు వాడేవారిలోను పొటాషియం రక్తంలో పేరుకొని గుండె లయను చెడగొట్టగలదు. మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి చాలామందికి జబ్బు ముదిరేదాకా తెలియదు కనుక, కిడ్నీ వ్యాధి విస్తృతంగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి చోట్ల ఈ ఉప్పును పరీక్షలు లేకుండా ఇంటింటికీ పంచడం ప్రమాదకరం. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటువంటి ఉప్పును సిఫారసు చేస్తూ గర్భిణులను, పిల్లలను, మూత్రపిండాల లోపం ఉన్నవారిని మినహాయించింది. ఆ సిఫారసు కూడా ఇంట్లో చేత్తో వేసుకునే ఉప్పుకే గాని, దుకాణంలో కొన్న పచ్చడికి, హోటల్ సాంబారుకు వర్తించదు.