పన్నెండు తెరలు, రెండు ఫైళ్లు

బడి గంట కొట్టేశారు. పిల్లలు గేటు దాటుతున్నారు. మీరు మాత్రం వరండా చివరనున్న కంప్యూటర్ గదిలోకి రండి. గోడవారగా పన్నెండు కంప్యూటర్లు. అన్నీ పాతవే, విండోస్ 11 ఎక్కనివి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కాబట్టి వీటిలో ఉబుంటు 24.04 లైనక్స్ వేశారు. దానికి 2029 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. అక్కడిదాకా బాగుంది. తెరలు చూడండి: ఎడమ అంచున పైనుంచి కిందిదాకా ఐకాన్ల పట్టీ, అంటే డాక్, సన్నసన్నటి అక్షరాలు, వెనక బెంచీ నుంచి ఎక్కడుందో తెలియని కర్సర్. కీబోర్డు ఇంగ్లీషుది ఒక్కటే. రేపు వీటి ముందు కూర్చునేది తెలుగు మీడియంలో చదువుకుంటున్న పిల్లలు.

లెక్కల సారు మొదటి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పక్కన స్టూలు మీద తొమ్మిదో తరగతి అమ్మాయి. మీరు వాళ్ల వెనక నిలబడండి, తెర బాగా కనిపిస్తుంది.

మౌస్‌తో సెట్టింగ్స్‌లోకి పోయి ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోవచ్చు. ఒక కంప్యూటరైతే అదే మంచి పద్ధతి. పన్నెండింటికి చేస్తే ఎక్కడో ఒకటి మరిచిపోతాం, ఏది మరిచామో తెలియదు. అందుకే సారు స్క్రిప్టు, అంటే కమాండ్లన్నీ వరుసగా ఉండే ఫైలు రాద్దామంటున్నారు. కానీ ఏ సెట్టింగును లోపల ఏ పేరుతో పిలుస్తారో ఎలా తెలుస్తుంది?

ఆయన టెర్మినల్ తెరిచి డీకాన్ఫ్ వాచ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఏటవాలు గీత పెట్టి ఎంటర్ నొక్కారు. ఏమీ రాలేదు.

"ఇప్పుడు నువ్వు సెట్టింగ్స్‌లోకి పోయి కర్సర్ పెద్దది చెయ్యమ్మా."

అమ్మాయి యాక్సెసిబిలిటీలోకి వెళ్లి, సీయింగ్ కింద కర్సర్ సైజు లార్జ్ చేసింది. బాణం గుర్తు ఒక్కసారిగా ఉబ్బింది. అదే క్షణంలో టెర్మినల్‌లో రెండు వరుసలు పడ్డాయి. పై వరుసలో ఆర్గ్, గ్నోమ్, డెస్క్‌టాప్, ఇంటర్‌ఫేస్, కర్సర్-సైజ్. కింద 48.

"నేను నొక్కింది ఇక్కడ రాస్తోంది సార్!"

లైనక్స్‌లో నాకు బాగా నచ్చే దృశ్యాల్లో ఇదొకటి. బొమ్మల వెనక జరిగే పని అక్షరాల్లో కళ్లముందుకొస్తుంది. ఉబుంటు వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌లో మన ఇష్టాయిష్టాలు చాలావరకు ఒకే చిన్న డేటాబేసులో ఉంటాయి. హోం ఫోల్డరులో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డరు, అందులో డీకాన్ఫ్, అందులో యూజర్ అనే ఫైలు. అది టెక్స్ట్ ఫైలు కాదు, ఎడిటర్‌తో దిద్దలేం. దాన్ని మార్చడానికి జీసెట్టింగ్స్ అనే కమాండు ఉంది. విలువ మారగానే ఆ కబురు నడుస్తున్న ప్రోగ్రాములకు అందుతుంది, అవి తమను తాము మళ్లీ గీసుకుంటాయి. అందుకే రీస్టార్ట్ చెయ్యకుండానే బాణం ఉబ్బింది.

ఇక పని చకచకా సాగింది. అమ్మాయి మౌస్‌తో మారుస్తుంది, టెర్మినల్ పేరు చెబుతుంది, సారు ఎడిటర్‌లో వరుస రాస్తారు. డాక్ కిందికి. అక్షరాలు 1.25 రెట్లు. డార్క్ థీమ్, ఇది అమ్మాయి కోరిక. కీబోర్డుకు రెండో భాషగా తెలుగు. వాల్‌పేపరుగా బడి ఆవరణలోని వేపచెట్టు ఫొటో. చివర్లో తెలుగు ఫాంట్లు ఇన్‌స్టాల్ చేసే వరుస. నడిపే ముందు పాత సెట్టింగులన్నిటినీ డీకాన్ఫ్ డంప్‌తో ఒక ఫైల్లోకి తీసి పెట్టారు. ఆ తర్వాత ప్రతి వరుసా పైకి చదవమన్నారు. అమ్మాయి చదివింది. ఎక్కడో దొరికిన స్క్రిప్టును చదవకుండా నడిపే అలవాటు చాలామందికి ఉంది. దాన్ని తొమ్మిదో తరగతిలోనే తప్పించడం ఎంత మంచి పనో!

ఫాంట్లకు అడ్మిన్ అనుమతి కావాలి కాబట్టి ముందు సుడో తగిలించి నడిపారు. ఫాంట్లు దిగాయి. తెర మాత్రం కదల్లేదు. డాక్ ఎడమనే ఉంది, థీమ్ తెల్లగానే ఉంది. సారు కాసేపు గడ్డం నిమురుకుని, "ఆఁ, మనం రూట్‌గా నడిపాం కదమ్మా!" అన్నారు. సుడో పెడితే నడిపేది విద్యార్థి ఖాతా కాదు, రూట్ ఖాతా. డాక్, థీమ్ ఎవరి ఖాతావి వాళ్లవి. ఫాంట్ల వరుసను వేరే ఫైల్లోకి మార్చి, మిగతాది సుడో లేకుండా నడిపారు.

ఇప్పుడు చూడండి. డాక్ ఎడమ నుంచి మాయమై కింద తేలింది. కిటికీలు నల్లబడ్డాయి. మెనూల్లో అక్షరాలు పెరిగాయి. ఒక్క వేపచెట్టు రాలేదు.

దానికీ కారణముంది. 2022లో వచ్చిన గ్నోమ్ 42 నుంచి లైట్‌కు ఒక వాల్‌పేపరు, డార్క్‌కు ఇంకోటి. స్క్రిప్టులో రాసింది మొదటిదే. పిక్చర్-యూఆర్ఐ వరుసను కాపీ చేసి, పేరు చివర డార్క్ అని చేర్చి మళ్లీ నడిపితే చెట్టు తెరంతా పరుచుకుంది.

"టైపు చెయ్యి" అన్నారు సారు. అమ్మాయి సూపర్, స్పేస్ కలిపి నొక్కింది. పై మూల గుర్తు మారింది. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ తనకు కొత్త. షిఫ్ట్‌తో డి, అ వచ్చింది. కె, క. ఉత్త డి నొక్కితే కకు పొల్లు తగిలింది. మళ్లీ కె. రెండు కలు కలిసి ఒత్తయ్యాయి. తెర మీద 'అక్క'. ఏ అక్షరం రాయడానికి ఏ క్రమంలో ఆలోచిస్తామో అదే క్రమంలో వేళ్లు కదిలాయి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం తప్పని నేను అనను. కానీ పిల్లలకు ముందు ఇది చూపించాలనే నా పట్టు.

రెండు ఫైళ్లు పెన్‌డ్రైవులోకి ఎక్కాయి, వేపచెట్టు ఫొటోతో సహా. రెండో కంప్యూటరులో డబుల్ క్లిక్ చేస్తే స్క్రిప్టు నడవలేదు, ఎడిటర్‌లో తెరుచుకుంది. పెన్‌డ్రైవులోని ఫైలుకు నడిచే అనుమతి లేదు. టెర్మినల్‌లో ముందు బాష్ అని రాసి, తర్వాత ఫైలు పేరిస్తే నడిచింది. మూడోది, నాలుగోది అమ్మాయే చేసింది. ఐదోది అయ్యాక ఆగింది.

"సార్, జియోజెబ్రా కూడా పెడదామా? డాక్‌లోనే కనిపించాలి."

లెక్కల సారు కాదంటారా? ఫాంట్ల ఫైల్లో జియోజెబ్రా ఇన్‌స్టాల్ చేసే వరుస ఒకటి చేరింది. రెండో ఫైల్లోకి ఫేవరిట్-యాప్స్ వరుస చేరింది, దాని పేరు అమ్మాయే డీకాన్ఫ్ వాచ్ పెట్టుకుని పట్టుకుంది. ఇప్పుడు అయిపోయిన ఐదింట్లోనూ మళ్లీ నడపాలి. దానికేం ఇబ్బంది లేదు. ఉన్న విలువనే మళ్లీ పెడితే ఏదీ చెడదు, దిగిన ఫాంట్లు మళ్లీ దిగవు. అమ్మాయి పెన్‌డ్రైవు పీకి, మొదటి కంప్యూటర్ దగ్గరికి నడిచింది.